మూడో గంట ఎవరు కొట్టాలి?

శనివారం పొద్దున్నే తంతి అందేసరికి ఆశీర్వాదం ఇంకా నోట్లో వేపపుల్లతోనే ఉన్నాడు.

"గునపం ముక్క పోయింది. వెంటనే రండి. మొగిలిపాలెం సంఘం."

తంతి తెచ్చిన మనిషి వెళ్ళబోతూ ఆగి, ఆయన్ని ఎగాదిగా చూశాడు. తెల్ల అంగీ పాస్టరుగారికి గునపాలతో పనేమిటో అతనికి అంతుపట్టినట్టు లేదు. ఆశీర్వాదానికి మాత్రం మొదటి మాటకే అరికాలి మంట నెత్తికెక్కింది. వేపపుల్ల విసిరికొట్టాడు.

"ఏంటండీ అది?" లోపల్నించి భార్య సుశీల అడిగింది.

"మొగిలిపాలెంలో గంట కొట్టే ఇనపముక్క పోయిందట."

"పోతే ఇంకోటి చేయించుకుంటారు. దానికి తంతి ఎందుకండీ? ఆ తంతి ఖర్చుతో ఓ గునపమే వచ్చేది!"

"ఆ మాట నువ్వెళ్ళి వాళ్ళతో చెప్పు. నీకు దేవుడు మేలు చేస్తాడు."

అది డెబ్బై ఒకటో సంవత్సరం, కుప్పనూర్పిళ్ళు అయిపోయిన రోజులు. రేపల్లె అవతల, ఉప్పుగాలి తగిలే పాలేల్లో సంఘాలు కట్టే పని మీద ఆశీర్వాదం తెనాలికి వచ్చి పదేళ్ళు కావస్తోంది. గోడలు లేపి పైకప్పు వేస్తే సంఘం అయిపోదనేది ఆయన సిద్ధాంతం. పాస్టరు లేకపోయినా సంఘం తనంతట తాను నడవాలి. అందుకు పెద్దల కమిటీ ఉండాలి, వంతులు ఉండాలి, పద్ధతి ఉండాలి. మద్రాసులో నెల్లాళ్ళు శిక్షణ పొంది వచ్చి, ఇంత పొడుగు అట్టమీద గళ్ళు గీసి, ఎవరి పని ఏమిటో రాసి, మొగిలిపాలెం గుడి గోడకు తన చేత్తో మేకు కొట్టి తగిలించాడు. అన్ని పాలేల్లోకీ మొగిలిపాలేన్నే నమూనాగా ఎంచుకున్నాడు.

ఆ నమూనా సంఘం నించి ఆయనకు అందిన తంతులు చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. మేక గుళ్ళో దూరి చాప నమిలింది, ఏం చేయమంటారు? కుర్చీ కాలు విరిగింది, వడ్రంగిని పిలవమంటారా? పెళ్ళిలో ముందు ఏ వీధి వాళ్ళు కూర్చోవాలి?

"మీరే తేల్చుకోండయ్యా, కమిటీ పెట్టింది అందుకే కదా!" అని ఆయన మొత్తుకునేవాడు.

"అట్టాగేనండి. మరి తేల్చుకోమని మీరొచ్చి ఓ మాట చెప్పండి" అనేవాళ్ళు.

కానీ ఈసారి సంగతి వేరు. రేపు ఆదివారం, బాపట్లలో ఉండే పైకమిటీ చైర్మన్ కృపావరంగారు స్వయంగా మొగిలిపాలెం వస్తున్నారు. పాస్టరు చెయ్యి పెట్టకుండా ఆ సంఘం తన ఆరాధన తాను జరుపుకోగలిగితే, చుట్టుపక్కల పాలేలన్నీ కలిపి ఒక పేరిష్ చేస్తారు. అక్కడే ఉండే పాస్టరును ఇస్తారు. జరుపుకోలేకపోతే అన్నిటినీ బాపట్లలో కలిపేస్తారు. బాపట్ల పాస్టరు ఎప్పుడో తీరిక చిక్కినప్పుడు వచ్చి పోతుంటాడు.

అలా కలిపితే ఏమవుతుందో ఆశీర్వాదానికి తెలుసు. కిందటేడు వానల్లో ముసలి కొండయ్య చనిపోతే, తెనాలి నించి తను వెళ్ళేసరికి ఒక రాత్రీ ఒక పగలూ గడిచిపోయాయి. శవం పక్కన కూర్చున్న కొండయ్య కూతురు ఒక్కటే అడిగింది. "మా అయ్యని మట్టిలో పెట్టడానిక్కూడా రైలు రావాలాండీ?" ఆ మాట ఆయన్ని ఇప్పటికీ వదల్లేదు.

రేపల్లె పాసింజరు ఆ రోజు పనిగట్టుకుని కాలినడకన వెళ్ళినట్టు వెళ్ళింది. వేమూరులో నీళ్ళు తాగింది, భట్టిప్రోలులో నిద్రపోయింది. రేపల్లెలో దిగి, అద్దె సైకిలు తీసుకుని, కాలవగట్టు మీద దుమ్ములో తొక్కుకుంటూ మొగిలిపాలెం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

గుడి ముందు తాటిమొద్దుకు రైలుపట్టా ముక్క వేలాడుతోంది. అదే గంట. దాన్ని కొట్టే గునపం ముక్క ఉండాల్సిన చోట ఖాళీ తాడు గాలికి ఊగుతోంది.

గంటకు ఒక వైపు పడమటి వీధి పెద్ద పిచ్చయ్య, మరో వైపు తూర్పు వీధి పెద్ద ఏసోబు, చెరో తట్టు తిరిగి నిలబడ్డారు.

"వీళ్ళే తీశారండి అయ్యగారూ" అన్నాడు పిచ్చయ్య.

"నేను అనబోయేదీ అదేనండి" అన్నాడు ఏసోబు.

ఆ ముక్క చరిత్ర జిల్లా అంతటికీ తెలుసు. వాళ్ళ తాతల కాలంలో గుడికి పునాది తవ్వుతుంటే గునపం విరిగింది. ఆ విరిగిన ముక్కనే గంట కొట్టడానికి ఉంచుకున్నారు. గునపం మా తాతదని పడమటి వీధి, కాదు మా తాతదని తూర్పు వీధి. ఎవరి తాతదైతే వాళ్ళే గంట కొట్టాలి. మొదటి గంటకు స్నానాలు, రెండో గంటకు తెల్లబట్టలు. మూడో గంట పడనిదే మొగిలిపాలెంలో మనిషన్నవాడు గుడి గడప తొక్కడు. అది రాయని చట్టం.

ఈ తగువు తీర్చడానికే ఆశీర్వాదం అట్టమీద వంతులు రాశాడు. ఒక నెల పడమటి వీధి, ఒక నెల తూర్పు వీధి. ఆ గడి చూసుకుని ఆయనకు ఎంతో గర్వం. ఏడాదిగా గంట గొడవ మీద ఒక్క తంతి కూడా రాలేదు మరి! నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం ఇవ్వడానికి తను వెళ్ళినప్పుడల్లా గుడి కిటకిటలాడేది. మిగతా ఆదివారాల మాట అడిగితే పెద్దలిద్దరూ ఒక్క గొంతుతో, "అంతా బాగానే జరుగుతుందండి" అనేవాళ్ళు. వాళ్ళిద్దరూ ఒక్క గొంతుతో మాట్లాడినప్పుడే ఆయన అనుమానపడాల్సింది.

"సరే, పోయింది పోయింది. రేపల్లె కమ్మరి దగ్గర ఇంకో ముక్క తెస్తాను. దాంతో కొట్టండి" అన్నాడు.

"ఇంకో ముక్కా!" పిచ్చయ్య చెవులు మూసుకున్నాడు. "ఆ ముక్క కాకపోతే అది గంటవుతుందాండీ? చప్పుడవుతుంది గానీ!"

"పోనీ సుత్తి?"

"గుడా, కొలిమాండి?" అన్నాడు ఏసోబు.

"ఎవరూ కొట్టొద్దు. నేనే కొడతాను."

"మీరు కొడితే సంఘం తనంతట తను నడిచినట్టు ఎట్టా అవుద్దండి? మీరే కదండీ అట్టమీద రాశారు!" అన్నాడు పిచ్చయ్య.

ఆశీర్వాదం తల పట్టుకున్నాడు. పదేళ్ళుగా వాళ్ళ బుర్రకెక్కించాలని చూసిన ముక్క ఈ పూటే ఎక్కాలా!

వెతికాడు. తూర్పు వీధి గడ్డివాములు, పడమటి వీధి అటకలు, గుడి వెనక తుమ్మచెట్ల మొదళ్ళు, బావి గట్టు, అన్నీ వెతికాడు. పోలీసు కూడా అంత వెతకడు. చివరికి చెమటలు కక్కుకుంటూ గుడి అరుగు మీద కూలబడ్డాడు.

అరుగు మీద బైబిలు స్త్రీ దేవకుమారి చాటలో బియ్యం చెరుగుతోంది. చదువుకుని, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషి. యాభై దాటాయి. నోరు మంచిది కాదని పేరు. పక్కనే పిడికెడు బియ్యం గంప ఉంది. ఆ పాలెంలో ఏ ఇల్లాలైనా పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేర ఒక పిడికెడు బియ్యం విడిగా తీసిపెడుతుంది. వారం తిరిగేసరికి పోగైనదంతా ఆ గంపలో పోస్తారు. ఆదివారం దాన్ని గుళ్ళోకి తెచ్చి అర్పిస్తారు.

ఆశీర్వాదం తన సంచీ పెట్టుకోవడానికి గంపను కాస్త పక్కకు జరపబోయాడు. కదల్లేదు.

"ఈసారి గంప బరువుగా ఉందే!"

"కొత్త బియ్యం కదండీ" అంది దేవకుమారి తలెత్తకుండా. "అయ్యగారూ, మీకిక్కడ పని లేదు. మీరు బాపట్ల పోండి."

"ఇది తేలకుండా ఎట్లా వెళ్ళనమ్మా? రేపు తూర్పు వీధి వంతు. ముక్క దొరక్కపోతే ఎవరూ గుళ్ళోకి రారు."

"దొరికితే వస్తారా?" అంది ఆవిడ.

ఆ ప్రశ్న ఏమిటో అడిగే ఓపిక ఆయనకు లేదు. సైకిలెక్కేశాడు. తర్వాత తలుచుకుంటే తన తల తానే గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

రేపల్లెలో బస్సెక్కి సాయంత్రానికి బాపట్ల చేరేసరికి కృపావరంగారు వాలుకుర్చీలో కూర్చుని సపోటా పండు ఒలుచుకుంటున్నారు. ఆశీర్వాదం చెప్పిందంతా విన్నారు.

"ఒక్క నెల వాయిదా వేయండి సార్" అని బతిమాలాడు ఆశీర్వాదం.

"గంట కొట్టే ఇనపముక్క పోయిందని వాయిదానా?" ఆయన గింజ ఊసి మూతి తుడుచుకున్నారు. "చూడు ఆశీర్వాదం. పదేళ్ళ నించి నీ రిపోర్టులు చదువుతున్నాను. స్వయంపోషణ, స్వయంపాలన అని బ్రహ్మాండంగా రాస్తావు. ఇనపముక్క పోతే ఆగిపోయే సంఘం స్వయంపాలన ఏంటయ్యా? రేపు చూస్తాను. బాగుంటే సంతకం, లేకపోతే బాపట్ల. నువ్వు నా జీపులోనే రా. ముందుగా వెళ్ళి అక్కడేమీ సర్దొద్దు."

మర్నాడు జీపు చెరుకుపల్లి దాటిందో లేదో, వెనక చక్రం తుస్సుమంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. అదనపు చక్రం తీసి చూస్తే దాంట్లోనూ గాలి లేదు. డ్రైవరు దాన్ని సైకిలుషాపు దాకా దొర్లించుకుపోయి వచ్చేదాకా కృపావరంగారు చింతచెట్టు కింద తీరుబడిగా పాటలు కూనిరాగం తీశారు. ఆశీర్వాదం రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. మూడో గంట పడాల్సిన సమయం దాటిపోయింది. ఈపాటికి పడమటి వీధి వాళ్ళు పడమటి అరుగుల మీద, తూర్పు వీధి వాళ్ళు తూర్పు అరుగుల మీద కూర్చుని, తాళం తీసిన ఖాళీ గుడిని చూస్తూ ఉంటారు. కొండయ్య కూతురు కూడా ఉంటుంది.

జీపు పాలెంలోకి మలుపు తిరిగింది.

అరుగుల మీద ఒక్క మనిషి లేడు. రెండు వీధుల్లోనూ కోళ్ళు తప్ప ఏమీ కదలడం లేదు.

"ఊరు ఖాళీ చేసి పోయారేంటయ్యా?" అన్నారు కృపావరంగారు.

అప్పుడు గుళ్ళోంచి పాట వినబడింది. పది గొంతులు కాదు, పాలెం మొత్తం పాడుతోంది. ఆశీర్వాదం జీపు ఆగకముందే దూకాడు. తాటిమొద్దు దగ్గర ఖాళీ తాడు అలాగే ఊగుతోంది. గుళ్ళో మాత్రం కాలు పెట్టే చోటు లేదు. పడమటి వాళ్ళూ తూర్పు వాళ్ళూ ఒకే చాపల మీద ఇరుక్కుని కూర్చున్నారు.

చైర్మన్‌గారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆశీర్వాదం గుమ్మం పక్కన నిలబడ్డ దేవకుమారి చెవిలో గొణిగాడు. "గంట లేకుండా ఎట్లా వచ్చారు వీళ్ళు?"

"రత్తమ్మా దానమ్మా కలిసి గంప పట్టుకుని రెండు వీధులూ తిరిగారండి."

"కలిసా!"

రత్తమ్మ పిచ్చయ్య భార్య. దానమ్మ ఏసోబు భార్య. బాతుల దగ్గర మొదలైన ఒక తగువుతో వాళ్ళిద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవని జిల్లా అంతటికీ తెలుసు.

"గంప చెవులు చెరొకటి పట్టుకుని నడిస్తే ఎవరు ఇంట్లో కూర్చుంటారండి? వంట పొయ్యి మీద వదిలేసి జనమంతా వెనకాలే వచ్చేశారు. తీరా చూసుకుంటే గుళ్ళో ఉన్నారు. ఇహ లేచిపోతే బాగుండదని కూర్చున్నారు."

కానుకల పాట మొదలైంది. రత్తమ్మా దానమ్మా గంపను చెరో పక్కనా ఎత్తి, బల్ల ముందు పరిచిన చాప మీద వంచారు. బియ్యం తెల్లగా జారింది, జారింది... వెంట ఏదో నల్లగా జారి, నేలరాతి మీద పడి, ఖంగుమంది.

పాట ఆగిపోయింది.

గునపం ముక్క దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా కృపావరంగారి బూటు దగ్గర ఆగింది.

"అది మాది!" పిచ్చయ్య లేచాడు.

"మీదెట్టా అయిందిరా?" ఏసోబు లేచాడు.

రెండు వీధులూ లేచాయి. ఆశీర్వాదం ఒక్క అంగ ముందుకు వేశాడు. వెనకనించి దేవకుమారి ఆయన అంగీ పట్టుకుని లాగింది.

"మీరు కదలమాకండి అయ్యగారూ. కదిలితే బాపట్లే."

కృపావరంగారు ఆ ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "దీన్ని బియ్యంలో దాచిందెవరు?"

"నేనండి" అంది రత్తమ్మ.

"నేనూనండి" అంది దానమ్మ.

పిచ్చయ్య నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. ఏసోబు భార్యకేసి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఎందుకు దాచారమ్మా?"

"ఏం చేయమంటారండి మరి?" రత్తమ్మ కొంగు నడుముకు దోపింది. "అయ్యగారు గోడ మీద వంతులు రాసిన కాడ్నించీ, వాళ్ళు కొట్టిన నెల మావాళ్ళు రారు, మేం కొట్టిన నెల వాళ్ళు రారు. అయ్యగారొచ్చి సంస్కారం ఇచ్చే ఆదివారం మటుకు పిల్లకాయలతో సహా అందరూ తయారు. అంతకుముందు కొట్టుకున్నా ఓ చోట కూర్చుని కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఏడాదికి ఆర్నెల్లు నేను గుడి మొహమే చూడలేదండి."

"తతిమ్మా ఆర్నెల్లు నేను చూడలేదు" అంది దానమ్మ. "ఇయ్యాల సంస్కారం లేదు. మా ఆయన కొడితే వాళ్ళు రారు. పెద్దయ్యగారు సగం గుడి చూసి ఎల్లిపోతారు. అందుకే గంటే లేకుండా చేశాం. ముందే తీసేద్దామనుకున్నామండి. పైన బియ్యం పడి మర్చేపోయాం."

ఆశీర్వాదం గోడ వంక చూశాడు. అట్టమీద తను గీసిన గళ్ళు చక్కగా, ముచ్చటగా ఉన్నాయి. ఆ ముచ్చటైన గడి ఒకటి ఏడాదిగా సంఘాన్ని నిలువునా చీలుస్తుంటే, తను దాన్ని తీసుకెళ్ళి మూడు సభల్లో ఉపన్యాసాలిచ్చాడు. అన్నిటికంటే కింద, చోటు మిగిలితే రాసినట్టు, "స్త్రీలు: శుభ్రత" అని ఉంది.

"అయితే ఇప్పుడు గంట ఎవరు కొట్టాలి?" పిచ్చయ్య అడిగాడు. అడిగి, అలవాటు కొద్దీ గుమ్మం వైపు తిరిగాడు. "అయ్యగారూ, మీరు చెప్పండి."

ఏసోబు తిరిగాడు. చాపల మీద తలలన్నీ తిరిగాయి. కృపావరంగారు కూడా కుర్చీలో తిరిగి, కళ్ళద్దాలు సర్దుకుని చూస్తున్నారు.

ఆశీర్వాదం నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. ఒక్క నిమిషంలో తేల్చెయ్యగలడు. పదేళ్ళుగా అలాగే తేలుస్తున్నాడు. అందుకే వాళ్ళు పదేళ్ళుగా అలాగే అడుగుతున్నారు. జనంలో కొండయ్య కూతురు కనిపించింది. ఆమె కూడా ఆయన నోటి వంకే చూస్తోంది.

"నాకు తెలీదు" అన్నాడు.

"అదేంటండీ!"

"నాకు తెలీదయ్యా! కమిటీ మీది, గంట మీది, గునపం మీ తాతలది. నన్నడగొద్దు." అనేసి, నోరు మళ్ళీ ఎక్కడ తెరుచుకుంటుందోనని కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దారి చెప్పేవాడు లేక దారి తప్పిన ఎడ్లలా ఉన్నారు.

చివరికి ఏసోబు గొంతు సవరించుకున్నాడు. "ముక్క దొరికింది ఎవరి గంపలో?"

"ఆడాళ్ళ గంపలో" అన్నాడు పిచ్చయ్య అయిష్టంగా.

"మరి ఆ గంప ఏ వీధిదిరా?"

పిచ్చయ్య బుర్ర గోక్కున్నాడు. "గంప... అందరిదీనూ."

"అయితే వాళ్ళనే కొట్టమందాం. నీ పెళ్ళాం కొడితే నేను రాననలేను, మా ఆవిడ ఊరుకోదు. నా పెళ్ళాం కొడితే నువ్వు రాకపోతే రత్తమ్మ నీకు కూడు పెట్టదు."

గుడంతా గొల్లుమంది. పిచ్చయ్య కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. చేతులెత్తమన్నారు. రెండు వీధుల చేతులూ లేచాయి. అది ఆ కమిటీ సొంతంగా చేసిన మొదటి తీర్మానం. ఊపు మీద ఉండి వెంటనే రెండోది కూడా చేసేశారు. ఇకపై అయ్యగారు సంఘాన్ని అడక్కుండా గోడకు ఏ అట్టా తగిలించకూడదు. దీనికి కూడా అన్ని చేతులూ లేచాయి. దేవకుమారి రెండు చేతులూ ఎత్తింది.

కృపావరంగారు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని అక్కడికక్కడే సంతకం చేశారు. మొగిలిపాలేనికి పేరిష్ వచ్చింది. ఆ వేసవి దాటాక అక్కడే కాపురముండే పాస్టరు వస్తాడు.

తిరుగు దారిలో జీపులో ఆయన ఆశీర్వాదం భుజం తట్టారు. "బాగుందయ్యా నీ పద్ధతి! నీ అట్ట ఒకటి నాకు గీసి ఇవ్వు. మిగతా పాలేలన్నిటికీ పంపిద్దాం."

ఆశీర్వాదం ఆయన వంక చూశాడు. జవాబు చెప్పాలంటే బాపట్ల దాకా చెప్పాలి. "అలాగే సార్" అన్నాడు నీరసంగా.

మరుసటి నెల మొదటి ఆదివారం సంస్కారం ఇవ్వడానికి మళ్ళీ రేపల్లెలో దిగి, సైకిలు మీద మొగిలిపాలెం చేరాడు. దూరం నించే తాటిమొద్దు దగ్గర గుంపు కనిపించింది. గుంపు మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళ గొంతులు.

"మొదటి గంట నాది. దాచింది ముందు నేను!"

"దాచావులే! చోటు చెప్పింది నేను కాదూ? బాతుల్నాడూ ఇట్టాగే అన్నావు!"

ఎవరో తల తిప్పి గట్టు మీదికి చూశారు. "అరుగో, అయ్యగారొచ్చారు! అయ్యగార్ని అడుగుదాం!"

ఆశీర్వాదం బ్రేకు వేశాడు. ఒక కాలు నేలకు ఆనించి, గుంపు వంక ఒకసారి, ఆకాశం వంక ఒకసారి చూశాడు. తర్వాత మారుమాట లేకుండా సైకిలు హ్యాండిలు వెనక్కి తిప్పి, రేపల్లె వైపు తొక్కడం మొదలుపెట్టాడు.

"అయ్యగారండీ! అయ్యగారూ!"

ఆయన వెనక్కి చూడలేదు. మొదటి తూము దాటాడు. మూలమలుపు దగ్గరికి వచ్చాడు. అప్పుడు వెనకనించి, కాలవ నీళ్ళ మీదుగా, ఖంగుమని మొదటి గంట వినబడింది.

ఎవరు కొట్టారో ఆయన అడగదలుచుకోలేదు. సైకిలు దిగి, గట్టు మీద తాటిచెట్టు నీడలో కూర్చుని, మూడో గంట కోసం ఎదురుచూశాడు.